ప్యాకింగా, బలి ముక్కా?

విశాఖ తీరంలో ఓ కర్మాగారం. సముద్రపు నీళ్ల లైనులో కుప్రోనికెల్ పైపు (90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్) మామూలు స్టీలు హెడరుతో (పైపులు వచ్చి కలిసే పెద్ద గొట్టం) కలిసే ఫ్లాంజి (బోల్టులతో బిగించే అంచు) దగ్గర స్టీలు వైపు తినేసి కారింది. షట్‌డౌన్‌లో జాయింటు విప్పారు. మెయింటెనెన్స్ ఇంజనీరమ్మాయికీ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఫోర్‌మన్‌కూ అక్కడే మాటామాటా పెరిగింది.

ఇంజనీరు: ఈసారి ఇన్సులేషన్ కిట్ వేసేద్దాం బాబాయ్. మధ్యలో కరెంటు పోనివ్వని ప్యాకింగ్, అదే గ్లాస్ ఎపాక్సీ గాస్కెట్, ప్రతి బోల్టుకూ తొడుగు, నట్టు కింద ఫైబర్ వాషర్. రెండు వేరు లోహాలు ఉప్పునీటిలో కలిస్తే బ్యాటరీలా కరెంటు పుట్టి స్టీలును తినేస్తుంది. ఆ కరెంటు తిరగాలంటే రెండు దార్లు కావాలి. ఒకటి నీరు, ఇంకోటి లోహం. నీటిని ఆపలేం, రెండోది కోసేద్దాం.

ఫోర్‌మన్: ఆ రెండోది ఒక్క ఇక్కడే ఉందేటి మేడమ్? హెడరు స్టీలు సపోర్టుల మీద కూర్చుంది. ఈ పైపు ఎక్స్ఛేంజరుకి, అది ఎర్తు పట్టీకి. పంపు మోటారుకీ అదే ఎర్తు. వీధి తలుపు గొళ్లెం పెట్టి పెరటి తలుపు బార్లా తీసినట్టుంటాది.

ఇంజనీరు: సపోర్టుల కింద రబ్బరు షీటు వేయిద్దాం.

ఫోర్‌మన్: ఎర్తు తీయిస్తారా?

(ఎలక్ట్రికల్ వాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా.)

ఇంజనీరు: వేరుచేస్తే నిలుస్తుందని ఎప్పుడో తెలిసింది బాబాయ్. 1761లో అలారం అనే బ్రిటిష్ యుద్ధనౌక అడుగుకు రాగిరేకులు వేశారు, ఇనప మేకులతో. 1763లో చూస్తే మేకులు తినేసి ఉన్నాయి. రేకులకు చుట్టి వచ్చిన కాగితం ఎక్కడైతే అడ్డంగా మిగిలిపోయిందో అక్కడి మేకులు మాత్రం బాగున్నాయి.

ఫోర్‌మన్: ఆ మేకులకి ఎర్తు లేదు కదా మేడమ్!

(హెల్పరు కుర్రాడు నవ్వి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.)

ఫోర్‌మన్: నా మాట వినండి. మధ్యలో ఓ బలి ముక్క పెడదాం. మీటరు పొడుగు స్టీలు, దళసరిది, రెండు పక్కలా ఫ్లాంజిలతో. తినేదేదో దాన్నే తింటాది, హెడరు బతుకుతాది. షట్‌డౌన్‌కోసారి గేజీ పెట్టి మందం చూసుకుందాం. పలచబడితే విప్పి పారేద్దాం.

ఇంజనీరు: అది సమానంగా అరగదు కదా. జాయింటు పక్కనే గుంటలు పడతాయి. గేజీ సరిగ్గా ఆ గుంట మీద పడాలని ఎక్కడుంది?

ఫోర్‌మన్: అందుకే లోపల దిట్టంగా ఎపాక్సీ రంగు కొడదాం.

ఇంజనీరు: అదొక్కటీ వద్దు! రంగు అంతా నిలిచి, సూదిమొనంత చోట ఊడిందనుకోండి. ఎదురుగా ఉన్న కుప్రోనికెల్ పైపు జోరంతా ఆ చుక్క మీదే పడుతుంది. తినబడని వైపు పెద్ద క్యాథోడ్, తినబడే వైపు చిటికెడు ఆనోడ్. ఉత్త స్టీలుకన్నా ముందే చిల్లు పడుతుంది. రంగు కొట్టాల్సింది కుప్రోనికెల్ వైపు.

ఫోర్‌మన్: తుప్పు పట్టని దానికి రంగేటి? పెయింటరు నవ్వుతాడు.

ఇంజనీరు: ఆ పాత ఫ్లాంజిలోకి టార్చి వేసి చూడండి.

వేశాడు. రంగున్నంత మేరా స్టీలు కొత్తదానిలా మెరుస్తోంది. ఊడిన చోట మాత్రం వేలు దూరేంత గుంట. ఫోర్‌మన్ కాసేపు టార్చి ఆర్పలేదు.

ఇంజనీరు: జాయింటు విప్పే ఉంది కదా. మల్టీమీటరు ఒక కొస పైపుకీ, ఇంకో కొస హెడరుకీ పెట్టండి. రెండూ కలిసే ఉన్నాయని చూపిస్తే నా కిట్ మానేసి మీ ముక్కే వేద్దాం.

ఫోర్‌మన్: కలిసే ఉంటాయి. పెయింటరుతో మాత్రం మీరే చెప్పండి.