దవడలో ఆక్రమణల తొలగింపు: ఒక విధాన ప్రతిపాదన

నగరంలో ఆక్రమణలు తొలగించే బాధ్యతను ఇకనుంచి పళ్ల డాక్టర్లకు అప్పగించాలని ఇందుమూలంగా ప్రతిపాదిస్తున్నాను. తొందరపడి నవ్వకండి. హనుమకొండలో ఏ పళ్ల ఆసుపత్రి మెట్లయినా ఎక్కండి. టోకెన్ తీసుకుని, మీ వంతు వచ్చాక నోరు తెరిచి పడుకుంటే చాలు, గంటలోపు ఒక అక్రమ కట్టడం నేలమట్టం అవుతుంది. అదే ఊళ్లో నాలా మీదికి జరిగిన ప్రహరీ గోడను జరపాలంటే మాత్రం తాత మొదలుపెట్టిన ఫైలును మనవడు చదవాలి. 2020 ఆగస్టు వానలకు కాలనీలు మునిగినప్పుడు నాలాల మీద కట్టినవన్నీ కూల్చాల్సిందేనని అందరం అన్నాం. 2023 జులైలో మళ్లీ మునిగాం, మళ్లీ అన్నాం. అనడంలో మనకు ఏనాడూ లోటు లేదు.

విషయం తెలియనివారి కోసం దవడ లేఅవుట్ గురించి కొంచెం వివరిస్తాను. మొత్తం 32 ప్లాట్లు. మొదటి దవడ పన్ను 6 ఏళ్ల వయసులో వచ్చి మంచి జాగా చూసుకుని కూర్చుంటుంది. రెండోది 12 ఏళ్లకు వస్తుంది. మూడోదే జ్ఞానదంతం. అది 17 నుంచి 25 ఏళ్ల మధ్య ఎప్పుడో తీరిగ్గా దిగుతుంది. అప్పటికి ప్లాట్లన్నీ రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటాయి, మూలన మిగిలింది చెరువు నిండితే మునిగే శిఖం భూమి. పాపం అదేం చేస్తుంది? జాగా ఉన్నంత మేర లేస్తుంది, లేకపోతే ముందుకు వాలి పక్కింటి గోడకు భుజం ఆనిస్తుంది. కొందరిలో పూర్తిగా అడ్డం పడుకుంటుంది. కొందరిలో ఎముకలోంచి బయటికే రాకుండా సెల్లార్‌లో కాపురం పెడుతుంది. కొందరికి అసలు రానే రాదు. వాళ్లు పెట్టి పుట్టినవాళ్లు, వాళ్ల గురించి ఇక్కడ చర్చ అనవసరం.

ఇంత ఇరుకు ఎందుకొచ్చిందంటే, శాస్త్రం తెలిసినవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం తిండి. పూర్వం మనిషి గట్టి గింజలు, దుంపలు, సరిగా ఉడకని మాంసం నమిలి నమిలి దవడను పెంచుకున్నాడు. వండుకుని, మెత్తగా చేసుకుని తినడం మొదలయ్యాక దవడ కురచబారింది, పళ్ల లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది. సంక్రాంతికి డబ్బాలకొద్దీ సకినాలు కొరికే జిల్లాలో కూడా ఇలా ఎందుకైందో నాకు అంతుపట్టదు. ఏడాదికి వారం రోజులు కొరికితే సరిపోదేమో. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించినప్పుడు, ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి ఎట్లా పోవాలో ముందే చూసుకున్నారు. వాళ్లకు లేఅవుట్ అప్రూవల్ పద్ధతి లేకపోవడం వల్ల ఈ పొరపాటు జరిగింది.

ఆక్రమణ వల్ల నష్టం ఏమిటి అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సగం లేచిన పన్ను మీద చిగురు ఒక రేకులా కప్పుకుని ఉంటుంది. ఆ రేకు కిందికి మటన్ పీచు పోతుంది, పప్పులో ఆకుకూర పోతుంది, బ్రష్ మాత్రం పోదు. లోపల కుళ్లి చిగురు వాస్తుంది, చీము పడుతుంది, జ్వరం వస్తుంది, దవడ పట్టేస్తుంది. దీన్ని పెరికొరొనైటిస్ అంటారు. ఆ పేరు పలకాలంటే నోరు తెరవాలి, అది వచ్చినవాడికి నోరు తెరుచుకోదు. ఇంకో నష్టం ఏమిటంటే, వాలిన పన్నుకూ దాని ముందున్న పన్నుకూ మధ్య సందులో మెతుకులు చేరి ఆ ముందు పన్ను పుచ్చిపోతుంది. అంటే పన్నులన్నీ సకాలంలో కట్టి, పర్మిషన్ తీసుకుని ఇల్లు కట్టుకున్నవాడి గోడ ముందు కూలుతుంది. మునిగిన కాలనీలవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నా ఎడమ కింది దవడలో ఇలాంటి కట్టడం ఒకటి ఉందని ఇంట్లో తెలిసిన వెంటనే ప్రతిపక్షాలన్నీ ఏకమయ్యాయి. మొదట పరకాల నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "పన్ను తీపిచ్చుకుంటే కండ్లు పోతయ్ బిడ్డా, మా మరిదికి గట్లనే అయింది" అంది. ఆరా తీస్తే, పన్ను తీయించుకునే నాటికి ఆ మరిదిగారికి డెబ్బై దాటింది, రెండు కళ్లకూ శుక్లాలు. అయినా చిన్నమ్మ వాదన చెక్కు చెదరలేదు, ఎందుకంటే పన్ను పోయాకే కదా ఆయన కళ్లు కనిపించడం లేదని ఒప్పుకున్నది. చూపును మోసుకెళ్లే నరం వేరు, పళ్లకు స్పర్శనిచ్చే నరం వేరు, వాటి మధ్య పాలివాళ్ల వరస కూడా లేదని నేను చెప్పాను. "డాక్టర్లు అట్లనే చెప్తరు" అని ఫోన్ పెట్టేసింది.

నిజంగా అడగాల్సిన నరం ఒకటుంది. అది కింది దవడ ఎముక లోపల సొరంగంలాంటి దారిలో పోతుంది. జ్ఞానదంతం వేళ్లు కొందరిలో దానికి ఆనుకునేదాకా దిగుతాయి. తీసేటప్పుడు ఆ నరం నలిగితే కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి. చాలామందిలో వారాల్లోనో నెలల్లోనో తిరిగి సర్దుకుంటుంది, అరుదుగా కొందరిలో అలాగే ఉండిపోతుంది. నాలుక పక్కన పోయే ఇంకో నరానికి దెబ్బ తగిలితే నాలుక మొద్దుబారి రుచి కూడా తేడా పడవచ్చు. నాకు సలహా ఇచ్చిన బంధుమిత్రుల్లో ఒక్కరైనా వీటి గురించి అడగలేదు. అందరి బెంగా కళ్ల మీదే.

ఆ తర్వాత మెడికల్ షాపు. మన దగ్గర పన్ను నొప్పి అంటే ముందు అక్కడికే పోతారు, ఆసుపత్రి అనేది పై కోర్టు. "అన్నా, పన్ను నొప్పికి ఏమన్న ఇయ్యి" అంటే, నోట్లోకి తొంగి చూడకుండానే షీటులోంచి రెండు గోలీలు కత్తిరించి, గ్యాస్‌కు ఇంకోటి కలిపి కాగితంలో చుట్టి ఇస్తాడు. నొప్పి తగ్గుతుంది. పన్ను అక్కడే ఉంటుంది. దీన్నే మన పాలనా పరిభాషలో క్రమబద్ధీకరణ అంటారు. అనుమతి లేని లేఅవుట్లలో కొన్న ప్లాట్లను క్రమబద్ధం చేయించుకుందామని 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు ఈ సుఖం బాగా తెలుసు. కట్టడం ఇంచు కూడా కదల్లేదు, రశీదు మాత్రం బీరువాలో భద్రంగా ఉంది.

మా బావది మూడో మార్గం. ముందు లవంగం నమలమన్నాడు. లవంగంలో నొప్పిని కాసేపు మొద్దుబార్చే గుణం నిజంగానే ఉంది కాబట్టి ఇక్కడిదాకా నేను ఆయనను గౌరవించాను. తర్వాత తాటికల్లు పుక్కిట పట్టమన్నాడు. పట్టి ఉమ్మేయకూడదట, మింగితేనే పన్ను వేళ్లదాకా దిగుతుందట. ఈ వైద్యం ఆయన తన పన్ను మీద ఎన్నో ఏళ్లుగా చేసుకుంటున్నాడు. నొప్పి లేని రోజుల్లో కూడా ముందుజాగ్రత్తగా చేసుకుంటున్నాడు.

వీళ్లందరినీ దాటుకుని కుర్చీ ఎక్కాక గానీ పరిపాలన అంటే ఏమిటో నాకు తెలియలేదు. మొదట సర్వే. ఓపీజీ అనే ఎక్స్‌రే మిషన్ మొహం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, రెండు దవడలనూ ఒకే ఫిల్ములో పరిచి చూపించింది. ఏ పన్ను ఏ హద్దులో ఉంది, ఎవడి వేళ్లు ఎక్కడిదాకా పోయాయి, నరం ఎంత దూరంలో ఉంది, అన్నీ దాంట్లో ఉన్నాయి. ఆ సర్వే మీద పక్కప్లాటు పన్ను అభ్యంతరం తెలపలేదు, రీసర్వే అడగలేదు. తర్వాత నోటీసు: ఏం చేస్తారో, ఏం కావచ్చో చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నారు. ఆ తర్వాత మత్తు సూది. లిగ్నోకెయిన్‌లో కొంచెం అడ్రినలిన్ కలిపి ఇస్తారు. అడ్రినలిన్ రక్తనాళాలను ముడుచుకునేట్టు చేసి మత్తును అక్కడే ఎక్కువసేపు నిలబెడుతుంది, నెత్తురు కూడా తక్కువ కారుతుంది. కాసేపటికి నా కింది పెదవి సగం మాయమైంది. చేత్తో తడిమితే ఎవరిదో పెదవి తగిలింది.

"సార్, నొప్పి ఉండదు, ఒత్తినట్టు మాత్రం అనిపిస్తది" అంది డాక్టరమ్మ. చిగురు కోసి, పన్ను చుట్టూ ఉన్న ఎముకను కొంచెం చెక్కింది. పక్కన నర్సమ్మ పట్టుకున్న గొట్టం నీళ్లనూ నెత్తురునూ గురగుర పీలుస్తోంది. తర్వాత ఒక చప్పుడు వచ్చింది. చెవిలోంచి వచ్చింది కాదది, పుర్రె లోపల్నుంచి వచ్చింది, ఎండిన కట్టె విరిగిన చప్పుడు. అడ్డం పడ్డ పన్నును ఒక్కటిగా లాగితే ఎముక ఎక్కువ చెక్కాలి, అందుకని ముందు దాన్ని ముక్కలు చేస్తారు. ఉమ్మడి వరంగల్‌ను 2016లో ఐదు జిల్లాలు చేసి, చాలక 2019లో ములుగును ఆరోది చేసిన మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అయితే నా ఉమ్మడి దంతాన్ని డాక్టరమ్మ రెండు ముక్కలతో సరిపెట్టింది. మండలాలు ఎటు పోవాలన్న గొడవ రాలేదు, జిల్లా కేంద్రం కోసం ఎవరూ రాస్తారోకో చేయలేదు, పేర్లు మార్చాల్సిన అవసరమూ పడలేదు. స్టీలు ట్రేలో టంగుమని మొదటి ముక్క, ఇంకాసేపటికి వేళ్లతో రెండోది. చూస్తే పసుప్పచ్చగా, మూలన నల్లగా, ఇంత చిన్నదా ఇంత గొడవ చేసింది అన్నట్టుంది.

ఇక్కడ పాఠకులు ఒకటి గమనించాలి. ఆ మొత్తం సేపట్లో ఏ స్థానిక నాయకుడి దగ్గరనుంచీ ఫోన్ రాలేదు. వచ్చినా ఎత్తే వీలు లేదు, ఆమె రెండు చేతులూ నా నోట్లోనే ఉన్నాయి. నా ప్రతిపాదనలో అసలు కీలకం ఇదే. శిథిలాలను అక్కడే పోసి పోలేదు కూడా. గుంతను సెలైన్‌తో కడిగి, చిగురు మూసి కుట్లు వేసింది. మా వీధిలో డ్రైనేజీ కోసం తవ్విన గుంతకు ఇప్పటికీ ఒక కొమ్మ, దాని మీద ఒక ఎర్ర గుడ్డ తప్ప కుట్లు పడలేదు.

తర్వాత నియమాలు. గుంతలో నెత్తురు గడ్డకట్టి కూర్చుంటుంది, ఆ గడ్డ కిందే గాయం మానుతుంది. అది ఊడితే లోపలి ఎముక బయటపడి రెండు మూడు రోజులకు చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది. దాన్నే డ్రై సాకెట్ అంటారు. అందుకని దూది గట్టిగా కొరికి పట్టుకోవాలి, మొదటి రోజు పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు, సిగరెట్టు ముట్టకూడదు, ముఖ్యంగా ఉమ్మకూడదు. ఉమ్మివేయరాదు అని బస్టాండు గోడ మీద రాస్తే ఆ అక్షరాల మీదే ఉమ్మే జనం మనం. అలాంటి మనచేత ఒక రోజంతా ఉమ్మి మింగించిన ఏకైక అధికారి పళ్ల డాక్టరు. స్వచ్ఛత ర్యాంకుల కోసం తాపత్రయపడేవాళ్లు ఈ కోణంలో ఆలోచించాలి. ఊరందరికీ వార్డులవారీగా జ్ఞానదంతాలు తీయిస్తే గోడలు వాటంతటవే తెల్లబడతాయి.

ఆ మూడు రోజులు పెరుగన్నం, చల్లారిన రాగి జావ, ఐస్‌క్రీం. పలకరించడానికి వచ్చినవాళ్లు సకినాలు తెచ్చారు, నా ముందే తిన్నారు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. జ్ఞానదంతం కనిపిస్తే చాలు కూల్చేయాలనే దూకుడూ మంచిది కాదు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2000లోనే, ఏ జబ్బూ చేయని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. జబ్బు చేస్తేనే తీయాలి, లేకుంటే అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి. నాకైతే ఇది సబబుగానే తోస్తుంది. నిటారుగా నిలబడి, బ్రష్ అందేట్టుగా ఉండి, ఎవరి జోలికీ పోని పన్నును పీకడం దేనికి? కానీ ఇదే స్టే ఆర్డరును మన టౌన్ ప్లానింగ్‌కు వర్తింపజేస్తే ప్రమాదం. ఎండాకాలంలో వెళ్లి చూస్తే నాలా మీద ఉన్న ఏ గోడా ఎవరికీ హాని చేయదు. ఫొటో తీసి కోర్టులో పెట్టుకోవచ్చు.

ఈ ప్రతిపాదన ముసాయిదాను మొదట మా బావకే వినిపించాను. కారణం, ఆయన ఇంటి ప్రహరీ ఎప్పుడో నాలా వైపు నడక మొదలుపెట్టి ఇప్పుడు నీళ్ల చప్పుడు వినిపించేంత దగ్గరికి చేరింది. పైగా ఆయన కుడి కింది పన్ను ఇప్పుడు కల్లుకు కూడా లొంగడం లేదు. చెంప వాచింది, మాట ముద్దగా వస్తోంది. అంతా శ్రద్ధగా విన్నాడు. పన్ను తీయించుకోవడానికి ఒప్పుకున్నాడు, మత్తు సూదికీ ఒప్పుకున్నాడు, సంతకం పెట్టడానికి కూడా పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. వెళ్లేముందు గేటు దగ్గర ఆగి, నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు.

"ఎక్స్‌రే లేకుంట తీసేటోళ్లు ఎవలన్న ఉన్నరా బామ్మర్దీ? ఈ సర్వేలు గిర్వేలు మనకెందుకు?"