పుస్తకానికి కవరు చుడితే పిల్లలు క్షేమం

పిల్లల్ని కాపాడాలంటే ఏం చేయాలి? పుస్తకాలకు ప్లాస్టిక్ కవర్లు చుట్టాలి. నవ్వకండి, హంగరీలో ఇది చట్టం. 2021లో ప్రధాని విక్టర్ ఓర్బాన్ ప్రభుత్వం ‘బాలల రక్షణ’ అని పేరు పెట్టి, గేలు, ట్రాన్స్‌జెండర్ల ఊసు 18 ఏళ్లలోపు వాళ్ల కంట పడకూడదని తేల్చేసింది. ఆ వెంటనే ఒక ఉత్తర్వు: ఆ ఊసున్న పిల్లల పుస్తకాలను సీలు వేసి అమ్మాలి, బడికో చర్చికో 200 మీటర్ల లోపు ఉంటే అసలు అమ్మనే కూడదు. 199వ మీటరు దగ్గర చెడిపోయే పిల్లాడు 201వ మీటరు దగ్గర బుద్ధిమంతుడెలా అవుతాడో ఆ టేపు పట్టుకుని కొలిచినవాళ్లే చెప్పాలి. 2023లో ఇద్దరు కుర్రాళ్ల ప్రేమ గురించిన బొమ్మల కథని కవరు లేకుండా అమ్మినందుకు లీరా అనే పుస్తకాల షాపుల సంస్థకి కోటీ ఇరవై లక్షల ఫోరింట్ల (అక్కడి కరెన్సీ) జరిమానా పడింది.

ఇంతకన్నా గొప్ప ముచ్చట అదే ఏడాది రాజధాని బుడాపెస్ట్‌లోని నేషనల్ మ్యూజియంలో జరిగింది. అక్కడ వరల్డ్ ప్రెస్ ఫోటో అని, బహుమతులొచ్చిన వార్తా ఫోటోల ప్రదర్శన పెట్టారు. ఆ ఏడాది మొదటి బహుమతి ఫోటో ఏమిటో తెలుసా? ఉక్రెయిన్‌లోని మరియుపోల్‌లో బాంబు దాడి తర్వాత స్ట్రెచర్ మీద మోసుకెళ్తున్న నిండు గర్భిణి. ఆమె బతకలేదు, బిడ్డా బతకలేదు. ఫిర్యాదు వచ్చింది దాని మీద కాదండీ బాబూ! ఫిలిప్పీన్స్‌లో ఒకే గూటిలో కలిసి బతుకుతున్న ముసలి గేలు లిప్‌స్టిక్ వేసుకుని, గౌన్లు కట్టుకుని ఉన్న ఫోటోలు మరో చోట ఉన్నాయి, పిల్లలు వాటిని చూసి ఏమైపోతారోనని ఒక ఎంపీ గారికి టెన్షన్ పట్టుకుంది. 18 ఏళ్లలోపు వాళ్లని రానివ్వొద్దని సర్కారు హుకుం. సరేనని మ్యూజియం వెబ్‌సైట్‌లో నోటీసు పెట్టింది. వచ్చినవాళ్లని ఐడీ కార్డు చూపించమని అడిగే హక్కు మాత్రం మాకు చట్టప్రకారం లేదండీ అన్నాడు డైరెక్టరు. మరి గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి ఏం చేయాలి, మీసాలు కొలవాలా, మూడో ఎక్కం అప్పజెప్పమనాలా? చివరికి డైరెక్టరు ఉద్యోగం ఊడింది. పైగా ఈయన పూర్వాశ్రమంలో ఓర్బాన్ పార్టీ ఎంపీ, ఈ చట్టానికి స్వయంగా చెయ్యెత్తిన మహానుభావుడు. ఎవరు తీసుకున్న గోతిలో వాళ్లే పడటమంటే మరీ ఇంత నీట్‌గానా!

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు అసలు సంగతి. అదే 2023 ఏప్రిల్‌లో, హంగరీ అధ్యక్షురాలు కాతలిన్ నోవాక్ ఒక మనిషికి క్షమాభిక్ష పెట్టారు. అతను బిచ్కే అనే ఊళ్లో ప్రభుత్వ బాలల వసతిగృహానికి డిప్యూటీ డైరెక్టరు. అక్కడి డైరెక్టరు పిల్లల మీద లైంగిక అఘాయిత్యాలు చేస్తే, ఆ పిల్లల చేతే చెప్పిన మాట వెనక్కి తీసుకునేలా ఒత్తిడి చేసి శిక్షపడినవాడు. వాడికా క్షమాభిక్ష? తల్లిదండ్రులు లేని పిల్లలు, సర్కారు చేతిలో పెట్టిన పిల్లలు, వాళ్లకి ఏ కవరు చుట్టారయ్యా మీరు? ఏ సీలు వేశారు? ఎవర్నో ముద్దు పెట్టుకున్న బొమ్మని చూస్తే పిల్లలు పాడైపోతారని దేశమంతా గగ్గోలు పెట్టినవాళ్లు, నిజంగా పాడుపనులు చేసినవాణ్ణి కాపాడినవాడికి సంతకం పెట్టి మరీ వదిలేశారు, సిగ్గు లేకుండా. విషయం బయటపడ్డాక 2024 ఫిబ్రవరిలో ఆమె రాజీనామా చేశారు, నిజమే. బయటపడ్డాక!

బుద్ధొచ్చిందా అంటే, మరుసటి ఏడాదికే ‘బాలల రక్షణ’ ఇంకాస్త ముదిరింది. 2025 మార్చిలో గేలు, ట్రాన్స్‌జెండర్లు తమ హక్కుల కోసం చేసే ప్రైడ్ ఊరేగింపుని నిషేధించే చట్టం ఒక్క రోజులో పాసైపోయింది. వెళ్లినవాళ్లని ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో పట్టుకుని రెండు లక్షల ఫోరింట్ల దాకా జరిమానా వేస్తారట. ఏప్రిల్‌లో రాజ్యాంగానికే 15వ సవరణ చేసి, పిల్లల నైతిక వికాసం ప్రాణహక్కు తప్ప మిగతా అన్ని హక్కులకంటే పైన అని రాసేసుకున్నారు. అంటే నలుగురు కలిసి రోడ్డు మీద నడిచే హక్కు కంటే కూడా.

బుడాపెస్ట్ మేయరు ఇది ఊరేగింపు కాదు, నగరపాలక కార్యక్రమం అన్నాడు, జూన్ 28న లక్షమందికి పైగా జనం దాన్యూబ్ వంతెన మీదుగా నడిచారు. ఎన్ని కెమెరాలు పెడితే ఏం లాభం, నడిచినవాళ్లెవరి మీదా చర్య తీసుకోబోమని పోలీసులు తర్వాత చేతులెత్తేశారు. ఆ జరిమానా సొమ్మంతా బాలల రక్షణకే ఖర్చు పెడతామని చట్టంలో రాసుకున్నారు పాపం.