పర్యావరణాన్ని నేనెలా కాపాడానంటే...

ఈ మధ్య నేను పర్యావరణాన్ని కాపాడాను. పెద్దగా కష్టపడలేదు. కౌంటర్ దగ్గర "కవర్ కావాలా, పేపర్ బ్యాగా?" అని అడిగితే, వెనక క్యూలో ఆఖరి మనిషికి కూడా వినబడేలా "పేపర్" అన్నాను. అంతే, భూగోళం ఊపిరి పీల్చుకుంది. బ్యాగు మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంది. ఆకు బొమ్మ ఉన్నాక ఇంక సందేహమేముంది?

ఆ బ్యాగులో ఏమున్నాయని అడగడం మర్యాద కాదు. అయినా చెబుతాను. పలచటి కవర్లలో విడివిడిగా ముడేసిన నాలుగు రకాల కూరగాయలు, ప్లాస్టిక్ డబ్బాలో షాంపూ, ఒక్కోదానికీ ఒక రేపర్, మళ్లీ మూడింటికీ కలిపి ఇంకో రేపర్ చుట్టిన సబ్బులు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన నీళ్ల సీసా. ఇన్నిటినీ కాగితం కప్పేసింది. తప్పులు కప్పిపుచ్చడంలో కాగితాన్ని మించింది లేదని ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

దారిలో సీసాకు చెమట పట్టింది. మెట్లు సగం ఎక్కేసరికి బ్యాగు అడుగు నానిపోయి, చప్పుడు లేకుండా తెరుచుకుంది. నా చేతిలో రెండు పిడులూ ఆకు బొమ్మా మిగిలాయి. సీసా ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ కిందికి దిగింది.

ఆ అడుగు సామాన్యమైంది కాదండీ. అలా చదునుగా మడిచి అతికించే యంత్రాన్ని అమెరికాలో మార్గరెట్ నైట్ అనే ఆవిడ తయారు చేస్తే, దాన్ని చూసిన ఒకాయన అది తనదేనని పేటెంట్‌కు వెళ్లాడు. ఆవిడ పోరాడి, గెలిచి, 1871లో పేటెంట్ తెచ్చుకుంది. అంత చరిత్ర ఉన్న అడుగును నేను ఒక చల్లటి సీసాతో చిన్నబుచ్చాను.

ఇంకా విచిత్రం, ఇప్పుడు మనం తిట్టిపోస్తున్న కవర్‌ది. 1965లో పేటెంట్ అయిన ఆ కవర్‌ను రూపొందించిన స్వీడన్ ఇంజినీర్ స్టెన్ గుస్టాఫ్ తులిన్, కాగితం కోసం చెట్లు నరకడం తగ్గాలనే ఆ పని చేశాడని ఆయన కొడుకు చెప్పాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక కవర్ మడిచి ఉండేదట, మళ్లీ మళ్లీ వాడటానికి. అంటే చెట్లను కాపాడటానికి ప్లాస్టిక్ వచ్చింది, ప్లాస్టిక్ నుంచి కాపాడటానికి చెట్లు వచ్చాయి. మధ్యలో నేను వచ్చి "పేపర్" అన్నాను.

బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఒక లెక్క బయటపెట్టింది. కాగితం చెట్టు మీంచి ఊరికే రాలిపడదు కదా, చెక్కను ముక్కలు చేసి రసాయనాల్లో ఉడికించాలి. అదంతా కలిపి చూస్తే, భూమిని వేడెక్కించే విషయంలో పేపర్ బ్యాగు ఒక్కసారి వాడి పారేసే పలచటి కవర్‌తో సమానం కావాలంటే కనీసం 3 సార్లు వాడాలట. మూడుసార్లు! నాది మొదటిసారే ఇల్లు చేరలేదు.

ఇది చదివి ప్లాస్టిక్ వాళ్లు పండగ చేసుకోనక్కర్లేదు. చెత్తగా కొట్టుకుపోయే కవర్లు ఆ లెక్కలో లేవు. బంగ్లాదేశ్ 2002లోనే పలచటి కవర్లను నిషేధించింది, అవి కాలువల్లో అడ్డుపడి వరద నీరు కదలక. సముద్రంలో తాబేళ్లు వాటిని జెల్లీఫిష్ అనుకుని మింగుతాయి. నా బ్యాగు అడుగు మెట్ల మీద పీలికలై పడి ఉంది గానీ, దాని వల్ల ఏ తాబేలుకూ టెన్షన్ లేదు. ఆ గౌరవం దానికి ఇవ్వాల్సిందే.

అవమానం భరించలేక గుడ్డ సంచి కొన్నాను. సేంద్రియ పత్తిది. దీని మీదా ఆకు బొమ్మ ఉంది. తర్వాత తెలిసింది, 2018లో డెన్మార్క్ వాళ్లూ లెక్కలు కట్టారని. అన్ని రకాల ప్రభావాలూ చూస్తే ప్లాస్టిక్ కవర్‌తో సరితూగడానికి మామూలు పత్తి సంచిని 7,100 సార్లు, సేంద్రియమైతే 20,000 సార్లు వాడాలట. వారానికోసారి బజారుకెళ్తే 384 ఏళ్లు పడుతుంది. నేను భయపడే రకం కాదు. నా తర్వాత నా పిల్లలు, వాళ్ల తర్వాత వాళ్ల పిల్లలు, అలా పదిహేను తరాల వరకు ఆ సంచిని ఎవరెవరు మోయాలో వీలునామా రాసిపెట్టాను.

నిన్న కౌంటర్ దగ్గర మళ్లీ అడిగారు. జేబులు తడుముకున్నాను. గుడ్డ సంచి ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది, ఇప్పటికి రెండుసార్లు బయటికొచ్చింది. ఇంకా 19,998 ఉన్నాయి. గొంతు కాస్త తగ్గించి "పేపర్" అన్నాను.