జోకులకు మిగిలింది నాన్న ఒక్కరే

మా మేనల్లుడు ఇంజినీరింగ్ పూర్తిచేసి స్టాండప్ కమెడియన్ అయ్యాడు. ఈ రెండు సంగతుల్లో మొదటిదే మా అక్కయ్య బంధువులకు చెబుతుంది. రెండోదాని గురించి ఎవరైనా ఆరా తీస్తే "మైకుకు సంబంధించిన ఉద్యోగం" అంటుంది. పెళ్ళిళ్ల పేరయ్య ఒకాయన సౌండ్ ఇంజినీరని రాసుకుని వెళ్ళాడు. ఎవరూ సరిదిద్దలేదు.

విజయవాడలో ఈ వృత్తికి హాస్యం కన్నా లౌక్యం ముఖ్యమని అతనికి తొలి ప్రదర్శనకు ముందే తెలిసింది. బెంజి సర్కిల్ దగ్గర ఒక కాఫీ షాపు మేడ మీద 40 కుర్చీలు. యజమాని మంచివాడే, రాసుకొచ్చిన కాగితం ఒకసారి చూపించమన్నాడు, అంతే. కులం జోకు కొట్టేశాడు. పార్టీల మీద రెండున్నాయి. ఒకటే కొట్టేస్తే పక్షపాతమవుతుందని రెండూ కొట్టేశాడు. సినిమా హీరో పేరు కనబడగానే కుర్చీలు లెక్కపెట్టుకున్నాడు. "మనది ఏ జిల్లా?" అని మొదలయ్యే అమాయకపు వాక్యం ఒకటుంది. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాక అందులో అమాయకత్వం పోయిందని దాన్నీ తీసేశాడు. ఎండ జోకు మిగిలింది గాని, మే నెలలో బెజవాడవాళ్లు దానికి నవ్వరు, చెమట తుడుచుకుంటారు.

అన్నీ పోగా తేలినవారు మా బావగారు. నాన్నకు సంఘం లేదు, అభిమానులు లేరు, కేసు వేసే ఓపికా లేదు. కాబట్టి 45 నిమిషాలూ ఆయన బనియను, ఆయన పొదుపు, గది గదికీ తిరిగి ఫ్యాన్లు ఆపే ఆయన అలవాటు.

మన పెద్దలకు ఇంత భయం ఉన్నట్టు లేదు. బుర్రకథలో కథకుడి పక్కన వంత పాడే ఇద్దరిలో ఒకరికి హాస్యం, ఇంకొకరికి రాజకీయం అప్పగించారు. దాన్ని ఆపడానికి బ్రిటిషు ప్రభుత్వం నిషేధం పెట్టాల్సివచ్చింది. ఇప్పుడా పని కాఫీ షాపు స్థాయిలోనే పూర్తవుతోంది. పరిపాలనా వికేంద్రీకరణ అంటే ఇదే కాబోలు. ఇక అష్టావధానంలోనైతే అవధానిని ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరిని కేవలం అడ్డుతగలడానికే కూర్చోబెడతారు. అప్రస్తుత ప్రసంగమని దానికి గౌరవమైన పేరు. పద్యం నడుస్తుండగా ఆయన వంకాయల ధర అడుగుతాడు. అవధాని సభ నవ్వేలా బదులిచ్చి, పద్యాన్ని ఆగినచోటే అందుకోవాలి.

మొన్నటి ప్రదర్శనకు మా బావగారు టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు. రెండో వరుసలో కూర్చుని బనియను జోకు మొత్తం విన్నారు. ఫ్యాను జోకు సగంలో ఉండగా లేచి, "రాత్రికి ఇంట్లో తింటావా, బయటా? అమ్మ ఎసరు పెట్టి అడుగుతోంది" అన్నారు, చేతిలో ఫోను పట్టుకుని. ఆ సాయంత్రం అంత నవ్వు మరి దేనికీ రాలేదు.

అవధాని అయితే ఆశువుగా పద్యం చెప్పేవాడు. మావాడు మైకు పక్కకు తీసి, "ఇంట్లోనే, నాన్నా" అన్నాడు. ఫ్యాను జోకు ఎక్కడ ఆగిందో మాత్రం గుర్తురాలేదు.