పదాలు తెలిస్తే సరిపోతుందా?
పదసంపద పెరిగితే ఇంగ్లీషు పాఠం దానంతట అదే అర్థమవుతుందన్న వ్యాసకర్త మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను, ఎందుకంటే చదివే విషయంతో ముందే ఉన్న పరిచయానికీ అంతే బలం ఉంది. అమెరికాలో ఉన్న భారతీయులకూ, అమెరికన్లకూ రెండు దేశాల పెళ్లిళ్ల గురించిన ఉత్తరాలిచ్చి చదివించిన 1979 నాటి పరిశోధనలో, తమ దేశపు పెళ్లి ఉత్తరాన్నే ఇరువర్గాలూ వేగంగా చదివి, ఎక్కువగా గుర్తుంచుకున్నాయి. మా తొమ్మిదో తరగతి పిల్లలు మంచు తుఫాను పాఠంలో ప్రతి పదానికీ అర్థం రాసుకుని కూడా, ఇంటి ముందు పారతో మంచు తీస్తున్న మనిషి మట్టి తవ్వుతున్నాడన్నారు. వరి సాగు గురించిన పేరా ఇస్తే మాత్రం, తెలియని మాటలు పది ఉన్నా, నారుమడి నుంచి కోత దాకా వరుస తప్పకుండా చెప్పారు. తెలుగునే ధారాళంగా చదవలేని ఇద్దరు ముగ్గురికి ఆ పేరా కూడా కొరుకుడు పడలేదు, నన్ను ఎక్కువగా బాధించేది అదే.