సవరణ: డైత్ కుట్టిస్తే మైగ్రేన్ పోదు

చెవి రంధ్రం పైనున్న మృదులాస్థి (మెత్తటి ఎముక) మడతకు ‘డైత్’ కుట్టిస్తే మైగ్రేన్ తగ్గుతుందని ముందటి పోస్టులో ఉంది. ఆ మాట తీసేస్తున్నాం. మెదడు నుంచి కడుపు దాకా వెళ్లే వేగస్ నరం కొమ్మ ఒకటి చెవికి వస్తుంది, నిజమే. అక్కడ రింగు పెడితే నొప్పి ఆగుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. మైగ్రేన్ తనంతట తానే హెచ్చుతగ్గులవుతుంది. కుట్టించాక తగ్గినట్టు అనిపించడం అందుకే కావచ్చు.

చెవి తమ్మెకు కుట్టిస్తే 6–8 వారాల్లో మానుతుంది. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, 6–12 నెలలు పడుతుంది. చీము పడితే చెవి ఆకారమే చెడిపోవచ్చు. నల్లగొండైనా, దేవరకొండైనా మృదులాస్థికి చెవులు కుట్టే గన్‌తో కుట్టించొద్దు. ఎర్రబడి ఉబ్బితే పసుపు రాసి ఊరుకోకండి, అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

మైగ్రేన్‌కు పారాసెటమాల్ నెలకు 15 రోజులు, అంతకు మించి నెలల తరబడి వేసుకుంటుంటే ఆ బిళ్లలే తలనొప్పి తేవచ్చు. నివారణ మందుల గురించి డాక్టరును అడగండి.