బంగారు పూత కింద ఉక్కు ఎట్లుండాది?

తిరుపతిలో ఒక తుపాకుల మరమ్మతు బల్ల దగ్గర జరిగే వాదన ఇది. పలమనేరు దగ్గర పొలమున్న ఒకాయనకు లైసెన్సుంది, 12 బోర్ డబుల్ బ్యారెల్ ఉంది. రెండో తుపాకిగా కొనేదానికి అమెరికా కంపెనీ విన్‌చెస్టర్ చేసిన మోడల్ 94 'సెంటెన్నియల్ 66' రైఫిల్ అమ్మకానికి వచ్చింది. దిగుమతులు ఆగకముందే దేశంలోకి వచ్చిన తుపాకి. యంత్రం కూర్చునే నడిమి భాగం, అంటే రిసీవరంతా బంగారు పూత, ఎనిమిది పలకల బ్యారెల్. పెట్టె, కాగితాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. సేకరణ మీద మనసున్న తమ్ముడు కొనమంటాడు. ఆర్మరర్ పని, అంటే తుపాకులు బాగుచేసే పని తెలిసిన అన్న వద్దంటాడు.

తమ్ముడు: అన్నా, విన్‌చెస్టర్ కంపెనీకి నూరేళ్ళు నిండినాయని 1966లో చేసిన రైఫిల్ ఇది. 1866 నాటి వాళ్ళ మొదటి మోడల్‌కు పసుపుపచ్చ కంచు ఫ్రేము ఉండేది. ఆ రంగును తలుచుకోనే ఈ బంగారం వేసినారు. ఇట్లాంటిది చేతికొస్తే వదులుకుంటామా?

అన్న: తలుచుకోవడం సరే. లక్షకు పైగా చేసిన తుపాకిని అపురూపం అంటే నేనెట్ల ఒప్పుకోవాల? 1968లో చేసిన బఫెలో బిల్ రైఫిల్ కూడా అంతే, అదీ లక్ష దాటింది. అది పక్కన పెట్టు. 1964లో ఆ కంపెనీ ఖర్చు తగ్గించేదానికి తయారీనే మార్చేసింది. గట్టి పిన్నులు తీసేసి, రేకు చుట్టిన గొట్టం పిన్నులు పెట్టినారు. ట్యూబులోనుంచి తూటాను పైకెత్తే క్యారియర్ ఉంటుంది చూడు, మునుపు దాన్ని గట్టి ఉక్కు ముక్కలోనుంచి కోసి తీసేవాళ్ళు. ఆ తర్వాత రేకు వంచి చేసినారు. రిసీవర్ లోహం కూడా మారిపోయింది, ఉక్కుకు రంగు తెచ్చే మామూలు బ్లూయింగ్ దానికి పట్టదు. వేడి ఉప్పుల తొట్టిలో ముంచితే నల్లని నీలం రాదు, ఊదారంగు తేలుతుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

తమ్ముడు: లొటారం అనొద్దన్నా, అది అన్యాయం. రేకు క్యారియర్ గలగల శబ్దం చేస్తుంది, చేతికి చవకగా తగులుతుంది, నిజమే. కానీ పని చేస్తుంది. లోపల ఉండేది 1894లో జాన్ బ్రౌనింగ్ గీసిన యంత్రమే కదా! తూటా వెనక బోల్టు తాళం పడే తీరు మారలేదు, బ్యారెల్ మంచిది. చేతికి అందం తగ్గింది గానీ నమ్మకం తగ్గలేదు. ఈ రెండూ వేరువేరు.

అన్న: ఆ మాట ఒప్పుకుంటా. పేలదని నేననలేదు. పేల్చలేవు అంటాన్నా. పెట్టెలో ఉంటేనే దానికి ధర. పైన అట్ట తొడుగు, లోపలి పెట్టె, వేలాడే చీటీ అన్నీ ఉండాల. ఒక్క తూటా కాలిస్తే సేకరించేవాళ్ళు ధర తగ్గించి అడుగుతారు. బంగారం ఎంత మెత్తనో నీకు తెలుసు, పూత మందమేమో మైక్రాన్లలో ఉంటుంది. కుడిపక్క తూటాలు దూర్చే కిటికీ దగ్గర తూటాల ఇత్తడి పదిసార్లు రాసుకుంటే అంచు మాసిపోతుంది. పూత పూసిన రివాల్వరైతే ఇంకా కష్టం. సిలిండర్ తిరిగే కొద్దీ దాన్ని ఆపే మొన ఒక ఉంగరం గీత గీసేస్తుంది, అది పోయేది కాదు.

తమ్ముడు: తిరుపతిలో కూర్చోని బంగారాన్ని అంత తక్కువ చేస్తావేమన్నా! ఆనందనిలయానికి రాగిరేకుల మీద బంగారు తాపడమే కదా వేసింది? అలంకారం ఉంటే అసలు తగ్గిపోతుందని ఎవరన్నారు?

అన్న: గోపురం నిలబడినాక తాపడం వేసినారు తమ్ముడూ. నేను చెప్పే వరస అదే.

తమ్ముడు: అట్లయితే టిప్పు తుపాకులు చూడు. హైదర్ అలీ 1782లో మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో కన్నుమూసినాడు. ఆయన కొడుకు కాలంలో శ్రీరంగపట్నంలో చేసిన చెకుముకి తుపాకుల మీద పులి తలలు, పులి చారలు, బంగారం పొదుగు. అవి బొమ్మలా?

అన్న: కాదు. అవి నాకూ ఇష్టమే, ఎందుకో చెబుతా విను. పొదుగుడు వేరు, పూత వేరు. లోతు పొదుగుడులో ఉలితో ఉక్కులో కాలువ కోస్తారు. అడుగున అంచులు లోపలికి వంగేటట్టు చెక్కి, బంగారు తీగ పెట్టి సుత్తితో కొడతారు. తీగ ఆ అంచుల కింద పట్టుకుంటుంది. కోఫ్ట్‌గరీ అయితే ఉక్కు మీద సన్నని అడ్డగీతలు గీసి గరుకు చేసి, దాని మీద తీగను అదిమేస్తారు. రెండింటికీ ఉక్కు సరిగా ఉండాల. చిల్లులుంటే ఉలి చెబుతుంది, మెత్తగా ఉంటే అంచు నిలవదు. అలంకారమే లోహానికి పరీక్ష అన్నమాట. పూతకు ఆ పరీక్ష లేదు, ఏ లోహాన్నైనా కప్పేస్తుంది.

తమ్ముడు: పూతనూ చూసుకుంటే నిలుస్తుంది కదా?

అన్న: చూసుకునేవాళ్ళు తక్కువ. పూతలో కంటికి కనపడని సూదిచిల్లులుంటాయి. కార్తీకంలో మనకు వాన పడతాది కదా, ఆ తేమ చిల్లుల్లోకి దిగి కింద తుప్పు పుట్టి బొబ్బలాగ లేపుతుంది. మఖమల్ పెట్టెలోనే ఏళ్ళ తరబడి ఉంచేస్తారు, ఆ గుడ్డ చెమ్మ పీల్చుకోని లోహానికి అంటిస్తుంది. పెట్టెను విడిగా దాచాల. తుపాకికి సన్నగా నూనె రాసి, గాలాడే బీరువాలో సిలికా జెల్‌తో పెట్టాల. ఇత్తడి పాలిష్ అస్సలు తాకించకూడదు, అది బంగారాన్ని గీకి తీసేస్తుంది. నికెల్ పూత ఉంటే అమ్మోనియా ఉండే బ్యారెల్ ద్రావకం వాడకూడదు. నికెల్ కింద రాగి పొర ఉంటే దాన్ని తినేసి పూతను లేపేస్తుంది.

తమ్ముడు: ఇవన్నీ చేసేవాడు కొంటే?

అన్న: అప్పుడు కూడా లైసెన్సు లెక్క ఉండాది. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు, మునుపు మూడు. వారసత్వంగా వచ్చినా రెండు దాటకూడదు. ఆ ఒక్క ఖాళీని కాల్చలేని తుపాకితో నింపితే, రేపు 12 బోర్ స్ప్రింగ్ విరిగి మరమ్మతుకు పోయినప్పుడు చేతిలో ఏముంటుంది? పైగా ఇట్లాంటివి పెళ్ళిళ్ళలో బయటికి తీస్తారు. సంబరానికి గాల్లో కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, రెండూ పడొచ్చు.

తమ్ముడు: మరి ఇదో చూడన్నా. కాల్చినది, పెట్టె లేనిది, పూత మాసినది దొరికితే ధర దిగిపోతుంది కదా? లోపలి ముక్కలన్నీ అవే, బ్యారెలూ అదే. కాల్చుకునేవాడికి అంతకన్నా మంచి బేరం యాడ దొరుకుతుంది?

అన్న: ... ఇప్పుడు దారికొచ్చినావు. అట్లాంటిదైతే నేనే కొనమంటా. కానీ కంటితో చూసి కొనకూడదు. ముందు ఖాళీ చేసి, బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో ఏమీ లేదని వేలుపెట్టి చూసుకోవాల. బ్యారెల్ నోటి అంచు దెబ్బతినిందా, లోపల గుంటలున్నాయా అని దీపం పెట్టి చూడాల. తూటా అడుగుకూ బోల్టుకూ మధ్య సందు సరిగా ఉండాదా అని హెడ్‌స్పేస్ గేజ్ పెట్టించాల. ఉత్తుత్తి తూటాలు ఐదు ట్యూబులో పెట్టి, తూటా మార్చే కింది లీవర్‌ను మెల్లగా ఒకసారి, విసురుగా ఒకసారి ఆడించాల. రేకు క్యారియర్ తడబడితే మెల్లగా ఆడించినప్పుడే తెలిసిపోతుంది. లీవర్ పూర్తిగా పైకి నొక్కకుండా ట్రిగ్గర్ కదలకూడదు, కదిలితే లోపలి ఆపుడు ముక్క అరిగిపోయినట్టు. ఆఖరున కాగితం మీద కాల్చి చూడాల. 100 గజాల దూరంలో తూటాలన్నీ మూడు నాలుగు అంగుళాల వెడల్పులో పడితే ఆ తుపాకికి అది మంచిదే.

తమ్ముడు: ఇప్పుడు అమ్మకానికి వచ్చింది పెట్టె తెరవని సరుకంటున్నారు.

అన్న: అమ్మేవాడి మాట అది. బోల్టు ముఖం మీద ఇత్తడి ఉంగరం మచ్చ ఉండాదేమో, కిటికీ అంచున బంగారం పల్చబడిందేమో చూసి ఫోన్ చెయ్యమను, ఆ పలమనేరు ఆయన్ను. రెండూ ఉంటే అది కాల్చిన తుపాకే, అప్పుడు ధర మాట్లాడుదాం.